నూటికి ఒక్క పాలు

1974 జులై 17. లాస్ ఏంజిలిస్‌లోని డాడ్జర్స్ మైదానం. బేస్‌బాల్‌లో పిచ్చర్ మన క్రికెట్‌లోని బౌలర్ వంటివాడు. ఆనాటి పిచ్చర్ టామీ జాన్ ఎడమచేతి వాటంవాడు, వయస్సు 31. ఆ యేడు అప్పటికే 13 ఆటలు గెలిపించి, మూడింట మాత్రమే ఓడాడు. మూడవ ఇన్నింగ్స్‌లో బంతి విసిరిన క్షణాన మోచేతిలో ఏదో తెగినట్లయింది. ఇక ఆడలేకపోయాడు.

మోచేతి ఎముకలను కలిపి ఉంచే సంధిబంధనం తెగింది. ఆ రోజులలో అటువంటి గాయమైతే పిచ్చర్ జీవితం ముగిసినట్లే. జట్టు వైద్యుడు ఫ్రాంక్ జోబ్ ఎవరూ చేయని పని ఒకటి తలపెట్టాడు. తీసివేసినా చేతికి పెద్దగా లోటురాని స్నాయువును కుడి ముంజేతి నుండి తీసి, ఎడమ మోచేతి ఎముకలకు రంధ్రాలు తొలిచి వాటిగుండా బిగించాలి. తిరిగి ఆడే అవకాశం నూటికి ఒక్క పాలని ఆయన దాపరికం లేకుండా చెప్పాడు. టామీ జాన్ సరేనన్నాడు. సెప్టెంబరు 25న శస్త్రచికిత్స జరిగింది.

కష్టాలు అంతటితో తీరలేదు. నరం దెబ్బతిని వేళ్లు కొంకర్లు పోయాయి. డిసెంబరులో మరొకసారి శస్త్రచికిత్స అవసరమైంది. 1975 సంవత్సరమంతా చేతికి తిరిగి విసరడం నేర్పడంతోనే గడిచిపోయింది.

1976లో ఆయన మళ్లీ మైదానంలో అడుగుపెట్టాడు. ఆ యేడు పది గెలుపులు, పది ఓటములు. మరుసటి సంవత్సరం 20 గెలుపులు. న్యూయార్క్ యాంకీస్ జట్టుకు మారిన పిమ్మట 1979లో 21, 1980లో 22. వేగం ఎన్నడూ ఆయన బలం కాదు. బ్యాటర్ చెంతకు చేరగానే కిందికి దిగిపోయే బంతి ఆయన ఆయుధం. బలం కంటే ఓర్పును నమ్ముకున్న చేయి అది.

1989లో, 46వ యేట ఆట విరమించేనాటికి 26 సీజన్లు, 288 విజయాలు ఆయన ఖాతాలో చేరాయి. వాటిలో 164 శస్త్రచికిత్స తరువాతివే!

క్రీడా రచయితలు 2009 వరకు పదిహేనుసార్లు ఓటు వేసినా కీర్తిమందిరంలో ఆయనకు చోటు దక్కలేదు. అయితే ఆ శస్త్రచికిత్సకు ఆయన పేరే స్థిరపడింది. ఎందరో పిచ్చర్లు దాని పుణ్యమా అని తిరిగి బంతి పట్టారు. బడి ఈడు పిల్లలకు సైతం అది అవసరమవుతున్నదని విని వృద్ధుడైన టామీ జాన్ కలవరపడ్డాడు. లేతచేతులకు విశ్రాంతి నివ్వండని తల్లిదండ్రులను హెచ్చరించాడు. తెగిన చేయి అతుక్కోవడానికి ఎంతకాలం పడుతుందో ఆయనకు తెలిసినంతగా మరెవరికి తెలుసు?