మానేటి నీటిలోని పోగులు

మా వసతిగృహమున జగిత్యాలవారును, కోరుట్లవారును, సిరిసిల్లవారును గలరు. మొదటి ఇరువురికి గోదావరి, మూడవవారికి మానేరు. మానేరును తుదకు గోదావరిలోనే కలియును.

నీటిలోని సూక్ష్మ ప్లాస్టికును గూర్చి పాఠము జరిగిన దినమున మేమందరమును సీసాలను, సంచులను నిందించితిమి. ఐదు మిల్లీమీటర్లకు లోబడిన తునకలకు ఆ పేరు. మా ఉపాధ్యాయులు "మీరు తొడిగిన చొక్కాల మాట యేమి?" అని యడిగిరి. పాలిస్టరును 1941లో ఇంగ్లండున విన్‌ఫీల్డు, డిక్సను అనువారు కనుగొనిరి; అదియు ప్లాస్టికే. ఆరు కిలోల పాలిస్టరు బట్టలను యంత్రమున నొకమారు ఉతికిన సుమారు ఐదు లక్షల పోగులు రాలునని 2016లో ప్లిమత్ విశ్వవిద్యాలయమువారు లెక్కించిరి.

మేమును పరీక్షింప బూనితిమి. ఒక చీరను బకెటులో నుతికి, ఆ నీటిని వడపోత కాగితమున వడగట్టి, సూక్ష్మదర్శిని క్రింద చూచితిమి. ఎఱ్ఱని పోగులు, నీలి పోగులు! గంతులు వేసితిమి. అంతలో ఉత్త మంచినీటిని వడగట్టగా అందును పోగులే కనబడినవి. అవి మా చొక్కాలవి. సిగ్గుపడి, పాత్రలపై మూతలుంచి మరల మొదలిడితిమి. కాల్చిన సూదిని చేర్చిన పాలిస్టరు పోగు కరగి ముడుచుకొనును, నూలుపోగు ముడుచుకొనదు. ఈ మారు చీరనీటి పోగులలో పెక్కు ముడుచుకొనినవి.

సిరిసిల్లవారెవ్వరును మాటాడలేదు. ఆ చీర మాలో నొకని తండ్రి మరమగ్గముపై నేసినది. 2017 మొదలు కొన్ని యేండ్లు బతుకమ్మ పండుగకు ప్రభుత్వము పంచిన చీరలలో పెక్కును ఆ యూర నేసినవే. పనిలేని కాలమున నేతగాండ్రు ప్రాణములు తీసికొనిన యూరది. మగ్గము చప్పుడాగిన దినమున ఆ యిండ్లలో పొయ్యి యెట్లుండునో వారికి దెలియును. "ఇది పత్రికలో వ్రాయవలదు, మా బాపు చదువును" అని మా మిత్రుడనెను.

ఆదివారమున కొడుకును చూడవచ్చిన ఆ బాపుకే సూదిని, పోగును చూపితిమి. ఆయన చాలసేపు చూచి యిట్లనెను: "రాయుండ్రి బిడ్డా. గుడ్డ మేం నేసినం గని, నూలు మేం జెయ్యలే. ఉతికిన నీళ్ళు ఏడ పొయ్యాల్నో గది గూడ రాయుండ్రి."

దానికి మాయొద్ద సరియైన సమాధానము లేదు. వసతిగృహమున ఉతికిన నీటిని నాలుగు మడతల గుడ్డతో వడగట్టి కాలువకు విడుచుచున్నాము. సన్నని పోగులు దానిని దాటిపోవుట చూచితిమి. చిక్కిన ముద్దను గాజు సీసాలో నుంచుచున్నాము. నెలకు బొటనవ్రేలంత యగుచున్నది.