పది డిగ్రీల జలసంధికి ఆవల ఒక బంతి

విశాఖ రేవులో ఓడ ఎక్కినవానికి రెండు మూడు రోజులు నీరే లోకం. ఆ తరువాత కొండల వాలున కట్టిన ఊరొకటి కనిపిస్తుంది. ఒకనాటి పోర్ట్‌బ్లెయిర్, 2024 నుండి శ్రీవిజయపురం. యాత్రికులందరివలె నేనూ మొదట సెల్యులార్ జైలు చూశాను. సాయంత్రం మాత్రం నేతాజీ స్టేడియంలో గడిపాను. పూర్వం ఇది జింఖానా మైదానం. 1943 డిసెంబరు 30న సుభాష్ చంద్ర బోసు త్రివర్ణ పతాకం ఎగురవేసినది ఇక్కడే.

కుర్రవాళ్లు ఫుట్‌బాలు ఆడుతున్నారు. ఒకడు హిందీలో బంతి అడిగాడు. గట్టు మీద ఒకాయన బెంగాలీలో విసుక్కున్నాడు. నా వెనుక ఒక పెద్దాయన అచ్చమైన శ్రీకాకుళం యాసలో, "కొట్టీరా బాబూ!" అని అరిచాడు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో నూటికి పదముగ్గురు తెలుగువారు.

ఇక్కడి పోటీలలో ఆట జీవనోపాధి కాదు. ఖైదీల సంతతివారు, తూర్పు బెంగాలు కాందిశీకుల బిడ్డలు, రాంచీ నుండి కూలికి వచ్చినవారి మనుమలు, బర్మా నుండి వచ్చిన కరెన్లు, తమిళులు, తెలుగువారు, నికోబారీలు: దీవుల జనమే ఆటగాళ్లు.

వీరిలో నికోబారీల కథ వేరు. పది డిగ్రీల జలసంధి దాటితే కార్ నికోబార్. అనుమతి లేనిదే బయటివారు అడుగు పెట్టరాదు. అక్కడి మూస్ గ్రామపు బాలుడొకడు మాండలేలో చదువుకొని, 1912లో ఉపాధ్యాయుడై తిరిగి వచ్చాడు. ఆయనే జాన్ రిచర్డ్‌సన్. తరువాత బిషప్, 1952లో ఈ దీవుల తొలి లోక్‌సభ సభ్యుడు. ఫుట్‌బాలును ఆ దీవికి తెచ్చినది ఆయనేనని చెబుతారు. బైబిలును నికోబారీ భాషలోకి తెచ్చినదీ ఆయనే. మాటకు సరియైన మాట దొరకక ఆయన ఎన్ని రాత్రులు వేగిపోయాడో అనువాదకుడనైన నేను ఊహించగలను. బంతికి ఆ బాధ లేదు. కొబ్బరితోపుల నడుమ దొర్లించగానే అది నికోబారీ అయిపోయింది.

2004 డిసెంబరు 26న సముద్రం తీరపు ఊళ్లను తుడిచిపెట్టింది. బతికినవారు లోపలి మెట్టకు తరలి కొత్త ఇళ్లు కట్టుకొన్నారు. ఊళ్లకు పాతపేర్లే ఉంచుకొన్నారు. ఇల్లూ తోటా పోయినవానికి తన ఊరు ఇంకా ఉన్నదనిపించే ఆధారాలు ఎన్ని మిగులుతాయి? ఊరి పేరుతో పదకొండుగురు మైదానంలో దిగటం వాటిలో ఒకటి.

ఆ దీవులలో పొద్దు త్వరగా వాలుతుంది. ఆట ముగిసిన తరువాత వెనుకనున్న పెద్దాయనను, "తమరిదే ఊరండీ?" అని అడిగాను. సోంపేటో టెక్కలో చెబుతాడనుకొన్నాను. ఆయన మైదానం వైపు చేయి చూపి, "ఇదే బాబూ" అన్నాడు.