కింద కూర్చుని లేవాలి

“ఇంత సదివి, కాళ్లు పిసికే పనికేనా పాపా?” అని బాగేపల్లి నుంచి మా పెద్దమ్మ ఫోన్లో అడిగింది. మా వైపు ఫిజియోథెరపీ అంటే చాలామందికి తెలిసింది అంతే: కరెంటు పెట్టడం, కాళ్లూ చేతులూ పిసకడం. ఆమె ప్రశ్నకు ఫోన్లో చెప్పలేకపోయిన జవాబే ఇది.

బెంగళూరులో నాలుగేళ్ల డిగ్రీ, ఆరు నెలల ఇంటర్న్‌షిప్ ముగించి, ఇప్పుడు అమెరికాలోని ఒహాయోలో డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ చదువుతున్నాను. ఇది సాధారణంగా మూడేళ్ల కోర్సు. మొదట్లోనే మృతదేహాన్ని ముందు పెట్టుకుని, ఏ కండరం ఎక్కడ మొదలై ఎక్కడ అతుక్కుంటుందో, ఏ నరం దాన్ని ఆడిస్తుందో నేర్చుకుంటాం. తర్వాత గుండె, ఊపిరితిత్తులు, వెన్నెముక, పక్షవాతం, పసిపిల్లల ఎదుగుదల. ఆపైన నెలల తరబడి ఆసుపత్రుల్లో శిక్షణ. చివరికి లైసెన్సు పరీక్ష. 200 నుంచి 800 దాకా ఉండే స్కోరులో 600 తెచ్చుకోవాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులను మళ్లీ లేపి నడిపించిన స్త్రీల వల్ల అమెరికాలో ఈ వృత్తి నిలబడింది. వాళ్లలో ఒకరైన మేరీ మెక్‌మిలన్ 1921లో ఏర్పడిన ఈ వృత్తివారి సంఘానికి తొలి అధ్యక్షురాలు. మనిషి తన పని తాను చేసుకోగలిగేలా చూడటమే ఆనాటి నుంచీ ఈ వృత్తి ధర్మం.

ఇక్కడ మా అధ్యాపకులు పదేపదే చెప్పే మాట ఒకటుంది. నొప్పి ఎక్కడని అడిగి ఊరుకోవద్దు, అది తగ్గితే ఏం చేసుకోవాలని ఉందో కూడా అడగమంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఆమోదించిన వర్గీకరణ కూడా కీలు ఎంత కదులుతోందన్న దగ్గరే ఆగదు; ఇంట్లో, పనిలో, నలుగురిలో ఆ మనిషి ఎంతవరకు పాలుపంచుకోగలుగుతున్నాడో చూడమంటుంది. ఈ మాట విన్నప్పుడల్లా నా మనసు మా బాగేపల్లి, చింతామణి తాలూకాల మీదికి పోతుంది.

మోకాలి సంగతే తీసుకోండి. కీళ్ల వంపు కొలిచే గోనియోమీటర్‌తో కొలిస్తే, చదునైన నేల మీద నడవడానికి మోకాలు 60 నుంచి 70 డిగ్రీలు వంగితే చాలు. మెట్లకు 90, 100 కావాలి. గొంతుకూర్చోవాలంటే 130 దాటాలి. అమెరికాలో మోకీలు మార్పిడి చేయించుకున్నవాళ్లలో చాలామంది మెట్లెక్కితే, కారెక్కి దిగితే తృప్తి పడతారు. కాళ్ల సామర్థ్యం తెలుసుకోవడానికి వాడే 20 ప్రశ్నల పట్టిక ఒకటి ఉంది. అందులో స్నానాల తొట్టిలోకి దిగడం ఉంది, కారెక్కడం ఉంది, గొంతుకూర్చోవడమూ ఉంది. కింద మఠం వేసుకుని కూర్చుని, దేన్నీ పట్టుకోకుండా లేవడం మాత్రం లేదు.

బాగేపల్లిలో చెనక్కాయ చేలో కలుపు తీసే ఆమెకు, తెల్లారకముందే ఆవు పొదుగు దగ్గర కూర్చునే ఆమెకు 110 డిగ్రీలు వచ్చాయని సంతోషపడితే సరిపోదు. చింతామణిలో టమాటా బుట్ట నెత్తికెత్తుకునే ఆయనకు మెడా నడుమూ రెండూ గట్టిగా ఉండాలి. భుజం పట్టేసిన ఇల్లాలు జుట్టు ముడి వేసుకోగలిగితే బాగైనట్టేనని పుస్తకం అంటుంది. ఆమెను అడిగి చూడండి, ఇంటిల్లిపాదికీ రాగి సంగటి గెలకగలిగిన రోజునే బాగయ్యానంటుంది.

మా నేలకు ఇంకో కష్టం కూడా ఉంది. ఏడాది పొడుగునా పారే నది లేని జిల్లా మాది. బోర్లు లోతుకు పోయాయి, బాగేపల్లి, చింతామణి వైపు చాలా ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ముందు పళ్లు గారపడతాయి, తర్వాత ఎముకలూ కీళ్లూ బిగుస్తాయి. మన దేశంలో ఈ జబ్బును 1937లో మొదట గుర్తించింది కూడా తెలుగు నేలమీదే, నెల్లూరు ప్రాంతంలో. ఎముకలో చేరి బిగిసినదాన్ని వ్యాయామం కరిగించలేదు. ఉన్న కదలికను మాత్రం కాపాడగలదు. అసలు మందు మంచి నీళ్లే. తొలిదశలో పసిగట్టడానికి మూడు పరీక్షలు చాలు: మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు అందుకోవడం, గడ్డం ఛాతీకి ఆనించడం, చేతులు తల వెనక్కి పెట్టడం. యంత్రాలు అక్కర్లేదు. నేర్పితే ఆశా కార్యకర్తలు గడప గడపకూ వెళ్లి చేయగలరు.

ఫిజియోథెరపీ చికిత్స ఒక్కసారితో తీరేది కాదు, వారానికి రెండు మూడు సార్లు వారాల తరబడి సాగాలి. బాగేపల్లి నుంచి బెంగళూరు దాదాపు వంద కిలోమీటర్లు. కూలి పోగొట్టుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని అన్నిసార్లు ఎవరు పోగలరు? మధ్యలో మానేసినవాళ్లను తప్పుపట్టడం అన్యాయం. చికిత్సే వాళ్ల దగ్గరికి రావాలి.

మా జిల్లాలోని హొసూరు పల్లెలో పుట్టిన హెచ్. నరసింహయ్య గారు ఇదే ఒహాయోలో చదివి 1960లో డాక్టరేట్ తీసుకున్నారు. వెనక్కి వెళ్లి, బాగేపల్లిలో నేషనల్ కాలేజీ నిలబెట్టారు. పల్లె పిల్లలు చదువు కోసం ఊరు విడవక్కర్లేకుండా చేయాలన్న ఆ పట్టుదల వైద్యంలోనూ రావాలి. 2021 చట్టంతో మన దేశంలో ఫిజియోథెరపీ చదువు కూడా ఒక జాతీయ కమిషన్ కిందికి వచ్చింది. పాఠ్యప్రణాళికలు రాసేవాళ్లకు నా విన్నపం రెండు మాటలు: ప్రతి విద్యార్థీ కొన్ని నెలలైనా తాలూకా ఆసుపత్రిలో, పల్లెల్లో పనిచేయాలి, కింద కూర్చుని లేవడం, సంగటి గెలకడం, పాలు పితకడం కొలతల పట్టికలోకి ఎక్కాలి.

పెద్దమ్మా, నా చదువు ఇందుకు. చేతులతో చేసే పనే, నేనేమీ చిన్నతనం అనుకోను. నువ్వు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నేల మీంచి లేచి నీ పని చేసుకోగలిగితేనే నేను నేర్చింది నిజంగా వచ్చినట్టు.