బొమ్మ కీళ్లకు వేడినీళ్లు

మీ పిల్లల గదిలో ఒక స్పైడర్‌మ్యానో, నరుటోనో ఉండే ఉంటాడు. పుట్టినరోజుకి బెంగళూరు నుంచి మామయ్య పంపిన ఖరీదైన బొమ్మ కావచ్చు. పెట్టె విప్పిన పది నిమిషాలకే అది మీ దగ్గరికి వస్తుంది. "డాడీ, దీని మోచెయ్యి వంగట్లేదు." మీరు అలసిపోయి ఉంటారు. "ఇట్లియ్యి" అని తీసుకుని గట్టిగా తిప్పబోతారు. దయచేసి తిప్పకండి.

ఫ్యాక్టరీలో రంగు పూర్తిగా ఆరకముందే భాగాలు బిగిస్తే ఆ రంగే కీలును జిగురులా పట్టేస్తుంది. ఒక్కోసారి లోపలి పుల్ల తన రంధ్రం కంటే వెంట్రుకవాసి లావుగా ఉంటుంది. ఆ పుల్ల చాలా బొమ్మల్లో అగ్గిపుల్లంతే. మన మణికట్టు బలమంతా దాని మీద పడితే అది తిరగదు, మెలిపడి తెగుతుంది. కీలు దగ్గర ప్లాస్టిక్ తెల్లబడుతోందంటే తెగడానికి సిద్ధంగా ఉందని అర్థం.

ఈ బొమ్మల్లో ఎక్కువగా వాడేది పీవీసీ. గట్టి పీవీసీ 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర సడలుతుంది. బొమ్మల్లో మెత్తబరిచే పదార్థం కలుపుతారు కాబట్టి ఇంకా తక్కువ వేడి చాలు. నీళ్లు మరిగాక స్టవ్ కట్టేసి, ఐదు నిమిషాలు ఆగి, బిగిసిన భాగాన్ని మాత్రం ఒక నిమిషం ముంచండి. తీసి, గుడ్డతో పట్టుకుని, కీలు తిరగాల్సిన వైపే కొంచెం, మళ్లీ వెనక్కి కొంచెం కదపండి. కదలకపోతే మళ్లీ నీళ్లలోకి. మూడు నాలుగు సార్లు పట్టొచ్చు. వేడినీళ్ల పని మీది, కాస్త ఆరాక తిప్పే పని పిల్లలది. బ్యాటరీ, లైట్లు ఉన్న బొమ్మకు ఈ వైద్యం వద్దు. అవ్వ ఎంత చెప్పినా కొబ్బరినూనె కూడా వద్దు. జిడ్డుకు దుమ్ము పట్టి ఇంకా బిగుస్తుంది. సిలికాన్ నూనె ఒక్క చుక్క చాలు.

అనంతపురం ఎండ ఉండగా వేడినీళ్లెందుకు అంటారేమో. ఏప్రిల్‌లో ఎండలో నిలిపిన కారులో బొమ్మను వదిలితే కీలు సంగతేమో గానీ కాళ్లు వంగిపోతాయి. అలా వంగినదాన్ని వేడినీళ్లలో ముంచి, నిటారుగా చేసి, వెంటనే చల్లనీళ్లలో పెడితే ఆ ఆకారంలో నిలుస్తుంది.

కీళ్ల బొమ్మలు మనకు కొత్తేమీ కాదు. 1964లో అమెరికాలో హాస్‌బ్రో కంపెనీ జి.ఐ. జోను తెచ్చినప్పుడు, బొమ్మ అంటే మగపిల్లలు ఆడుకోరని 'యాక్షన్ ఫిగర్' అని పేరు పెట్టింది. మన తోలుబొమ్మలాట అంతకు వందల ఏళ్ల ముందుది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటకు ఒకసారి పిల్లల్ని తీసుకెళ్లండి. 2020లో పద్మశ్రీ వచ్చిన దళవాయి చలపతిరావు గారి ఊరు అది. అక్కడ చేతుల ముక్కలు విడిగా కోసి దారపు ముడితో కలుపుతారు. ఆడించేవారు పుల్లతో కదిపితే చెయ్యి ఊగాలి, అందుకే ఆ కీలు వదులు. మన ప్లాస్టిక్ వీరుడిని పట్టుకునేవారు ఎవరూ ఉండరు, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే నిలవాలి. కాబట్టి మరీ వదులు చేయకండి. అన్నట్టు, తోలుబొమ్మను మాత్రం వేడినీళ్లలో ముంచేరు, ముడుచుకుపోతుంది.

ఇంత చెప్పడానికి కారణం మా ఎదురింటి పిల్లవాడు. వాడి బొమ్మ చెయ్యిని బంధువు ఒకాయన తిప్పితే టక్కున విరిగింది. "ఇంకోటి కొనిస్తాలే" అన్నారాయన. వాడు ఏడవలేదు. మిగతా బొమ్మలన్నీ అట్టపెట్టెలో వేసి మంచం కిందికి తోసేశాడు. వాళ్లమ్మ నాతో చెప్పింది విరిగిన చెయ్యి గురించి కాదు, ఆ పెట్టె గురించి. రెండు నెలల తర్వాత ఒక ఆదివారం వాడే దాన్ని మోసుకుని మా వంటింట్లోకి వచ్చాడు. విరిగిన చెయ్యి అతకలేదు, కీలు దగ్గర జిగురు నిలవదు. ఇంకో బొమ్మ మోకాలు మాత్రం మూడోసారి ముంచాక కదిలింది. తిప్పింది వాడే. పెట్టెలో బిగిసినవి ఇంకా నాలుగు ఉన్నాయి.