కాగితం మీద తప్పు పేరు

అనంతపురంలో డిగ్రీ పిల్లలకు పైథాన్ చెబుతాను. ఏటా వాళ్లు చేసే ప్రాజెక్టు ఒకటే: మండలాలవారీ వర్షపాతానికీ శెనక్కాయ దిగుబడికీ ఉన్న లంకెను లెక్కకట్టడం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, అదీ ఎప్పుడు పడుతుందో తెలియని జిల్లా మాది. ఆ లెక్క ఎందుకని ఏ పిల్లా అడగదు.

దానికోసం నేను పంచిన కాగితంలో మొదటి వరుస, ప్యాకేజీ దించుకునే కమాండ్: పిప్ ఇన్‌స్టాల్ ఎస్కేలెర్న్. అది తప్పు. ఎస్కేలెర్న్ అనేది, ఆ లెక్కకు వాడే లైబ్రరీని ప్రోగ్రాములో ఇంపోర్ట్ చేసుకునే పేరు. పైథాన్ ప్యాకేజీలుండే పైపీఐలో ఆ లైబ్రరీ పేరు సైకిట్-లెర్న్.

ఒకప్పుడు పిప్ సెర్చ్ అని కొడితే పేర్లు, పక్కన ఒక్కో వరుస వివరం వచ్చేవి. వచ్చిపడే అభ్యర్థనల భారం మోయలేక 2020 డిసెంబరులో పైపీఐ ఆ సేవను ఆపేసింది. ఇప్పుడు ఆ కమాండ్ కొడితే బ్రౌజర్‌లో వెతుక్కోమనే ఎర్రర్ వస్తుంది. నేను బ్రౌజర్ తెరవలేదు. ఊహించిన పేరు కొట్టడం, దిగితే అదే సరైనదనుకోవడం అలవాటు చేసుకున్నాను. ఎస్కేలెర్న్ ఏళ్ల తరబడి దిగింది మరి! ఆ పేరును చెడ్డవాళ్లు ఎత్తుకుపోకుండా అట్టిపెట్టి, అడిగినవాళ్లకు అసలు లైబ్రరీని అందించే ఉత్త ప్యాకేజీ అది. నాకా సంగతి తెలియదు.

2022 డిసెంబరు నుంచి ఆ ఉత్త ప్యాకేజీ గంటలో కొన్ని నిమిషాలపాటు కావాలనే ఎర్రర్ ఇవ్వడం మొదలుపెట్టింది, జనం పేరు మార్చుకుంటారని. మా ల్యాబులో ఒకరికి దిగేది, పక్కనున్నవారికి దిగేది కాదు. ఏదో తప్పు కొట్టావని ఒక అమ్మాయిని కసిరాను. నెట్ బాగాలేదని మిగతావాళ్లకు చెప్పాను. సైకిట్-లెర్న్ వాడమని తెర మీద స్పష్టంగా రాసే ఉంది. నేను చదవలేదు. ఆ అమ్మాయి చదివింది, కానీ నా కాగితాన్నే నమ్మింది. 2023 డిసెంబరు నుంచి ఎర్రర్ శాశ్వతమైంది. అప్పుడుగానీ కాగితం మార్చలేదు.

ఇప్పటికీ భయపెట్టేది వేరే. ఆ పేరు మంచివాళ్ల చేతిలో ఉండబట్టి సరిపోయింది. ధ్రువీకరించిన శెనక్కాయ విత్తనం సంచికి నీలం ట్యాగు ఉంటుంది, అది చూడనిదే మా నాన్న డబ్బు ఇచ్చేవాడు కాదు. పైపీఐలో అలాంటి ట్యాగు లేదు. ఖాతా తెరిచి, ఖాళీగా ఉన్న పేరు ఎవరైనా తీసుకోవచ్చు. ఇన్‌స్టాల్ చేసే క్షణంలోనే అందులోని కోడు మన యంత్రంలో నడిచే వీలుంది. 2017లో జావాస్క్రిప్ట్ ప్యాకేజీలుండే ఎన్‌పీఎంలో క్రాస్-ఎన్వ్ అనే ప్యాకేజీ పేరులోంచి మధ్య గీత తీసేసి పెట్టిన నకిలీ, వాడినవాళ్ల రహస్య కీలున్న ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌ను బయటికి పంపింది. కలరామా అనే పైథాన్ ప్యాకేజీ స్పెల్లింగులో ఒక్క అక్షరం కలిపి పెట్టిన నకిలీ 2018లో బయటపడింది. కాపీ చేసిన బిట్‌కాయిన్ చిరునామాను అది మార్చేసేది.

ఎన్‌పీఎం సెర్చ్, రస్ట్ భాషకున్న కార్గో సెర్చ్ నేటికీ పనిచేస్తాయి. అయినా వాటి జాబితాలో పేరు కనబడిందంటే ఆ పేరు ఉందని మాత్రమే. అందుకే ఎన్‌పీఎం వ్యూ కొట్టి నిర్వాహకులెవరో, అసలు కోడు ఎక్కడుందో పిల్లలచేత చదివిస్తాను. పైథాన్‌కైతే లైబ్రరీ సొంత డాక్యుమెంటేషన్ తెరిచి, ఇన్‌స్టాల్ వరుసను అక్కడినుంచే తెచ్చుకోమంటాను. కాగితంలో ఇప్పుడు ప్యాకేజీ పేర్లు రాయడం లేదు. వాటి చోటు ఖాళీగా వదులుతున్నాను. పిల్లలు పేరు నింపి, ఎక్కడ చూసి తెచ్చారో పక్కనే రాసి ఇవ్వాలి.