ఇంగ్లీషు కథలు చదివే అమ్మ

పెళ్ళిచూపులు జన్మకోసారే అనుకునేదాన్ని. నాకు రెండుసార్లయ్యాయి. రెండోసారి మావాడి స్కూలు అడ్మిషన్‌కి!

అది ఫాదర్లు నడిపే మగపిల్లల స్కూలు. మా హైదరాబాదులో అలాంటి చోట సీటంటే మధ్యతరగతి వాళ్ళకి తిరుపతిలో తొందరగా దర్శనమైనంత సంబరం. మగపిల్లాడు దారిలో పడాలంటే ఫాదర్ల దగ్గరే వెయ్యాలని, తులసికోట చుట్టూ తిరుగుతూనే మా అత్తగారు తీర్మానించేశారు.

పిల్లల్నీ, తల్లిదండ్రుల్నీ పరీక్షించి చేర్చుకోకూడదని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెప్పిన మాట నిజమే. కానీ మైనారిటీల విద్యాసంస్థలకి ఆ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అంచేత మేం ముగ్గురం ముస్తాబై ఇంటర్వ్యూకి వెళ్ళక తప్పలేదు.

ముందురోజు రాత్రి ఇంట్లో రిహార్సల్సు. చెప్పొద్దూ, బి.ఏ. చదివి, నవలలు రాసిన నాకే ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పాలంటే నాలుక పిడచకట్టుకుపోయింది.

"ఇంట్లో ఏం మాట్లాడతారంటే ఇంగ్లీషని చెప్పు. రాత్రిపూట అమ్మ ఇంగ్లీషు కథలు చదువుతుందని చెప్పు" అని వాడికి నూరిపోశాను.

"నువ్వు చదవవుగా?" అన్నాడు అయిదేళ్ళ వెధవ.

"అలా చెప్పకపోతే సీటు రాదు నాన్నా!"

వాడు పొల్లుపోకుండా అప్పజెప్పాడు. ఫాదర్‌గారు నవ్వారు. సీటొచ్చింది. ఇంటికొచ్చి కొబ్బరికాయ కొట్టాం.

ఎనిమిదేళ్ళు గడిచాయి. మొన్న స్కూలు నుంచి ఫోను. లెక్కల్లో మార్కులు తగ్గిన పేపరు మీద మావాడు వాళ్ళ నాన్న సంతకం తనే పెట్టేశాడట! ఇద్దరం పరుగెత్తాం. అదే గది, అదే ఫాదర్‌గారు. జుట్టు మాత్రం నెరిసింది.

"మోరల్ సైన్స్‌లో మాత్రం వీడికి మంచి మార్కులే" అన్నారాయన, నవ్వకుండా. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికి రాగానే విరుచుకుపడ్డాను. "అబద్ధాలాడటం ఎవరు నేర్పార్రా నీకు?"

వాడు తలెత్తి చూశాడు. ఎదురు తిరగలేదు. మెల్లిగా, "ఫాదర్‌కి మొదటి అబద్ధం చెప్పమన్నది నువ్వే కదమ్మా" అన్నాడు.

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. మావారు పేపరు చాటుకి తప్పుకున్నారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు ఒక్కదాన్నే స్కూలుకి వెళ్ళి, ఈసారి తెలుగులోనే, జరిగింది జరిగినట్టు చెప్పేశాను.

"ఆ రోజే తెలుసమ్మా" అన్నారు ఫాదర్‌గారు, ఆయనా తెలుగులోనే. "ఆ ఏడు నా ముందు కూర్చున్న అమ్మలందరూ ఇంగ్లీషు కథలు చదివినవాళ్ళే!"

తెలిసీ ఆ ప్రశ్న ఎందుకడిగారని నోటిదాకా వచ్చింది. మింగేశాను. అడిగిన వాళ్ళ మాట అలా ఉంచి, అబద్ధం నూరిపోసిన చెయ్యి నాదే కదా!

వాడి పేపర్ల మీద ఇప్పుడు నేనే సంతకం పెడుతున్నాను. మార్కులెన్నొచ్చినా సరే. తెలుగులో.