ఉత్తరం వెనకాలే వచ్చిన చుట్టం

మా చెల్లెలి కుటుంబం పదకొండేళ్ళుగా జర్మనీలో, ఫ్రైబుర్గ్ అనే ఊళ్ళో ఉంటోంది. దాని కూతురు పుట్టిందీ పెరుగుతున్నదీ అక్కడే. ఇప్పుడు నాలుగో తరగతి. ఆ పిల్లకి ఫ్రాన్సులో ఒక కలం స్నేహితురాలు ఉంది. పిల్లలు వెతుక్కున్న స్నేహం కాదు, రెండు దేశాల బళ్ళూ కలిసి కుదిర్చింది. ఇక్కడి టీచరు, అక్కడి టీచరు మాట్లాడుకుని పిల్లల్ని ఇద్దరిద్దరుగా జత చేస్తారు. ఏడాదిపాటు ఉత్తరాలు రాయిస్తారు. తర్వాత ఆ పిల్లలు వచ్చి వీళ్ళ ఇళ్ళల్లో రెండు రాత్రులుంటారు. మరికొన్నాళ్ళకి వీళ్ళు వెళ్ళి వాళ్ళ ఇళ్ళల్లో ఉంటారు.

కలం స్నేహం అంటే నాకు తెలిసింది వారపత్రికల చివరి పేజీలే. పేరు, వయసు, అభిరుచులు, చిరునామా. ఆడపిల్ల పేరు అందులో పడితే ఇంట్లో పెద్ద రభస! అందుకే చెల్లెలు ఈ సంగతి చెప్పగానే, "తొమ్మిదేళ్ళ పిల్లని ముక్కూమొహం తెలియని వాళ్ళింటికి పంపడమేంటే?" అన్నాను.

"ఈ రెండు దేశాల సంగతి తెలిస్తే నువ్వలా అనవక్కా" అంది.

నిజమే. 1870 నుంచి 1945 లోపల ఫ్రాన్సు, జర్మనీ మూడుసార్లు కొట్టుకున్నాయి. తాత ఒక యుద్ధంలో, తండ్రి ఒక యుద్ధంలో పోయిన ఇళ్ళు అటూ ఇటూ ఎన్నో. 1963 జనవరి 22న దగోల్, అడెనావర్ స్నేహ ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. పెద్దవాళ్ళ సంతకాలతో పని పూర్తి కాదని తెలిసే కాబోలు, ఆ ఏడాదే పిల్లల్ని, యువకుల్ని ఒకరి దేశానికి ఒకరిని పంపడానికి ఉమ్మడిగా ఒక సంస్థ పెట్టారు. ఊళ్ళయితే అంతకంటే ముందే చేతులు కలిపాయి. జర్మనీలోని లుడ్విగ్స్‌బుర్గ్, ఫ్రాన్సులోని మోంబెలియార్ 1950లోనే జంట నగరాలయ్యాయి. మా చెల్లెలుండే ఫ్రైబుర్గ్‌కి 1959 నుంచి బెజాన్సోన్‌తో అలాంటి బంధమే ఉంది.

బడి పిల్లల ఉత్తరాలు ఇంకా పాతవి. దక్షిణ ఫ్రాన్సులో సెలెస్తెన్ ఫ్రెనే అని ఒక పల్లెటూరి బడి పంతులుండేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఊపిరితిత్తికి గాయమై, గట్టిగా పాఠం చెప్పలేకపోయేవారట. తరగతి గదిలోకి చిన్న అచ్చుయంత్రం తెచ్చి, పిల్లలు రాసుకున్న కబుర్లు వాళ్ళచేతే అచ్చు వేయించి, 1920లలోనే దేశానికి ఆ చివరనున్న బ్రిటనీ బడి పిల్లలకు పంపించేవారు. చదివేవాళ్ళు ఒకరున్నారంటే పిల్లలు రాయడానికి బద్ధకించరు కదా!

ఇప్పుడు యూరప్ బళ్ళు కంప్యూటర్లోనే జతకట్టే వీలుంది. ఈట్విన్నింగ్ అని 2005లో మొదలైంది. మా పిల్ల టీచరు మాత్రం కాగితమే కావాలంది. రైన్ నది పక్క ఊళ్ళ బళ్ళల్లో చిన్న తరగతుల్లోనే ఫ్రెంచి నేర్పుతారు కాబట్టి, వచ్చినంత ఫ్రెంచిలో, రానిది జర్మన్‌లో, అదీ రాకపోతే బొమ్మలు వేసి పంపుతారు. ఫ్రెంచి పిల్లల చేతిరాత చూసి మా పిల్ల బెదిరిపోయిందట. అక్కడ చిన్నప్పటి నుంచీ కలిపిరాత నేర్పిస్తారు, అచ్చం పెద్దవాళ్ళు రాసినట్టే ఉంటుంది.

ఒక ఉత్తరంలో కోడి కూత మీద చర్చ. ఫ్రెంచి కోడి "కొకొరికో" అంటుందట, జర్మన్ కోడి "కికెరికీ" అంటుందట. ఇంకోసారి పాలపళ్ళ గురించి. ఫ్రాన్సులో ఊడిన పన్ను దిండు కింద పెడితే ఎలుక వచ్చి తీసుకుని డబ్బు పెట్టి పోతుందట. "మనమేం చేస్తాం పెద్దమ్మా?" అని నాకు ఫోన్. పేడలో పెట్టి ఇంటికప్పు మీదికి విసిరేవాళ్ళమని చెప్పాను. పేడ అన్నమాటకి ఐదు నిమిషాలు నవ్వింది.

కానీ ఆ సంగతి ఉత్తరంలో రాయలేదు. "మీ ఇంట్లో ఏం తింటారు?" అనే ప్రశ్నకి రొట్టె, చీజు, బంగాళదుంపలు అని రాసింది. ఇంట్లో తెలుగు మాట్లాడతామన్నదీ లేదు. స్నేహితురాలు వచ్చే వారం ముందు తల్లితో, "ఆ రెండ్రోజులూ పోపు పెట్టకమ్మా, ఇల్లంతా వాసన వస్తుంది" అందట. ఎప్పుడో తరగతిలో ఒకడు దీని కోటు వాసన చూసి ముక్కు మూసుకున్నాడట. ఆ సంగతి అప్పుడు బయటపడింది.

చెల్లెలు నాకు ఫోన్ చేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నా ఇంట్లో నేనేం వండాలో భయపడాల్సొచ్చింది చూడక్కా" అంది. ఏం చెప్పను? పిల్లదీ తప్పు కాదు. "చుట్టానికి ఏది ఇష్టమో అది పెట్టు. మీరు తినేది మీరు తినండి. దాచకు, ప్రదర్శన పెట్టకు" అన్నాను.

ఆ పిల్ల వచ్చింది. ఇక్కడ కథల్లోలాగా పప్పు తిని లొట్టలేసిందని రాస్తే బాగుంటుంది కానీ, అలా జరగలేదు. పప్పు వాసన చూసి వద్దంది. వేడన్నంలో వెన్న వేసుకుని తింది. పొద్దున పాలు గ్లాసులో ఇస్తే, వాళ్ళింట్లోలాగా గిన్నెలో పోయమని సైగ చేసింది. అంతే.

మొదటి రాత్రి పదింటికి ఏడుపు మొదలెట్టింది. అమ్మ కావాలని. చెల్లెలికి ఫ్రెంచి రాదు, ఆ పిల్లకి జర్మన్ అంతంత మాత్రం. ఏం చేయాలో తోచక నిలబడితే, మా పిల్ల మంచం మీదనుంచి లేచి, "అమ్మా, నాకు పాడతావే, అది పాడు" అందట. పోపు పెట్టొద్దన్న పిల్లే! చెల్లెలు పక్కన కూర్చుని వీపు తడుతూ తెలుగులో లాలిపాట పాడింది. అర్థం తెలియని ఆ పిల్ల పది నిమిషాల్లో నిద్రపోయింది. మర్నాడు తన పేరు తెలుగులో రాయించుకుని, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుంది.

ఆ రాత్రి నేనూ చాలాసేపు ఆలోచించాను. ఉత్తరాల్లో పిల్లలు తమకి నచ్చినట్టు రాసుకోవచ్చు. ఇంటికొచ్చిన పిల్ల దగ్గర ఏదీ దాగదు. వంట, భాష, ఏడుపు అన్నీ బయటపడతాయి. బయటపడ్డాక కూడా ఒకరికొకరు కావాలనిపిస్తే అదే స్నేహం. మూడు యుద్ధాలు చూసిన దేశాలు ఉత్తరాలతో సరిపెట్టకుండా పిల్లల్ని ఇళ్ళకి పంపుకున్నది అందుకేనేమో. తన బిడ్డ నిన్న రాత్రి పడుకున్న ఇంటిని ఏ తల్లి శత్రువు అనుకుంటుంది?

వచ్చే నెల మా పిల్ల వంతు. బడివాళ్ళు ఒక కాగితం ఇచ్చారు. ఏవి పడవు, ఏవి తినదు, మందులేమైనా ఉన్నాయా అని. శాకాహారి, గుడ్డు తింటుంది అని నింపింది చెల్లెలు. ఈసారి మా పిల్ల దాన్ని చెరపమనలేదు. చివర "ఇంకేమైనా చెప్పాలా?" అన్నచోట చెల్లెలు ఒక్క వాక్యం రాసి, టీచరు చేత ఫ్రెంచిలోకి మార్పించింది.

"రాత్రి ఏడిస్తే, కాసేపు వీపు తట్టండి."